లెక్కకు రాని గంటన్నర
నిన్నటితో ఆ ఉద్యోగానికి స్వస్తి చెప్పాను. నాలుగేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది పనిభారం కాదు, లెక్కలో చూపిన పక్షపాతం. ఉదయం ఏడు నిమిషాలు ఆలస్యమైతే దాన్ని అరగంటగా కట్టి జీతంలో కోత పెట్టేవారు. సాయంత్రం మాత్రం వేలిముద్ర యంత్రం దగ్గర బయటకు వెళ్లినట్టు నమోదు చేయించి, మళ్లీ లోపలికి పిలిచి మరో గంటన్నర పని చేయించుకునేవారు. ఆ గంటన్నర ఏ కాగితంలోనూ కనిపించేది కాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో ఆమోదించిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో పనివేళలను రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. వేతన వివరాలను కార్మికుడికి సులభంగా అర్థమయ్యేలా తెలపాలని 1949 నాటి వేతన రక్షణ ఒప్పందం చెబుతోంది. కోత ఎందుకని నేను అడిగితే మాత్రం "సిస్టమ్ అలా చూపిస్తోంది" అన్నారు, ఆ సిస్టమ్‌కు నియమాలు పెట్టింది తాము కానట్టు.

మా మేనేజరు చెడ్డవారని అనను (అనాలని చాలాసార్లు అనిపించింది). పైవారికి గడువు మాట ఇచ్చేసి, అది సాధ్యమో కాదో పనిచేసేవారిని అడగకుండానే, రాత్రి పది దాటాక గ్రూపులో మర్నాటి షిఫ్టు మార్చేవారు. ఆ సందేశం చూసుకోకుండా నిద్రపోయినవారిదే తప్పయ్యేది. ఇద్దరు మానేస్తే వారి స్థానంలో ఎవరినీ తీసుకోలేదు.

రావలసిన బకాయితో పాటు నా హాజరు వివరాల నకలు ఇవ్వాలని రాతపూర్వకంగా కోరాను. జవాబు ఇంకా రాలేదు.