నీటి తొట్టి దగ్గర మొదలయ్యే వైద్యం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీరు తీశాక బురద ఎత్తి బ్లీచింగ్ చల్లిన పారిశుద్ధ్య కార్మికులే విజయవాడకు తొలి వైద్యులని నేను నమ్ముతాను. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రజారోగ్యాన్ని, పారిశుద్ధ్యాన్ని పురపాలక సంస్థలకు అప్పగించదగిన బాధ్యతలలో చేర్చింది.

డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు నీటి అంచున తొట్టి గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బ్రతికే ఉంటాయి కనుక, వారానికొకసారి నీరు పారబోయడమే కాక గోడలను గట్టిగా రుద్ది తోమాలి. ఈ సంగతి ప్రతి ఇంటికీ వెళ్ళి చూపించి చెప్పేవారు కావాలి. పొగ యంత్రం ఎగిరే దోమలనే చంపుతుంది, నీటిలోని లార్వాను తాకదు. అయినా మా వీధిలో అందరూ అడిగేది పొగనే. నగరపాలక సంస్థ ముందుగా ఇంటింటి తనిఖీకే మనుషులను, డబ్బును కేటాయించాలి, అదీ తొలకరికి ముందే.