శ్రీలంక వెళ్లొచ్చిన జవాన్ల మీద ప్రాజెక్టు: శ్రీకాకుళం జిల్లాలో నా అనుభవం

ఎం.ఎ. చరిత్రలో నా ప్రాజెక్టు అంశం ఐపీకేఎఫ్, అంటే 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో ఉన్న మన శాంతి సేన. అందులో పనిచేసి వచ్చిన మన జిల్లా మాజీ సైనికుల మాటల్ని రికార్డు చేసి, కాగితం మీద పెట్టి, దొరికిన ఆధారాలతో సరిచూడటమే పని. నాలుగు నెలల్లో అయిపోతుందనుకుంటే ఏడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఎక్కడ పోయాయో తెలిస్తే ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకి ఉపయోగపడుతుంది.

కార్గిల్ గురించి అయితే ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. శ్రీలంక మాటెత్తితే మాత్రం వెళ్లొచ్చినవాళ్లే తగ్గి మాట్లాడతారు. అందుకు కారణం ఉంది. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. తమిళులకి రక్షణగా వెళ్లిన సేన, అక్టోబర్ వచ్చేసరికి తమిళ ఈలం కోసం పోరాడుతున్న ఎల్టీటీఈతోనే యుద్ధానికి దిగింది. అక్కడి సింహళీయులకి మన సేన అక్కర్లేదు. తమిళులకి మొదట కావాలి, తరవాత అక్కర్లేదు. చివరికి 1990 మార్చిలో తిరిగొచ్చిన జవాన్లకి మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. ఇంత జరిగాక మనిషి ఇంటికొచ్చి ఏం చెప్పుకుంటాడు? ఈ యుద్ధం సరైనదా కాదా అన్నది ఒక ప్రశ్న. అందులో ఈ జవాను ఏం చేశాడు, ఏం పడ్డాడు అన్నది ఇంకో ప్రశ్న. రెండిటినీ ఒకే ప్రశ్నగా అడిగితే జవాబు రాదు. నా మొదటి ప్రశ్నావళి మొత్తం పనికిరాకుండా పోయింది ఇందువల్లే. "అక్కడికి వెళ్లడం తప్పంటారా?" అని మొదలుపెడితే ఎదుటి మనిషి తనని తాను కాపాడుకునే మాటలే చెప్తాడు.

మనుషుల దగ్గరికి వెళ్లకముందే కాలాన్ని నాలుగు ముక్కలు చేసుకోవాలి. మొదటిది ఆగస్టు నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా, అక్కడి తమిళులు మన సేనకి దండలు వేసిన కాలం. రెండోది 1987 అక్టోబర్, ఆపరేషన్ పవన్, జాఫ్నా పట్నం కోసం వీధివీధినా జరిగిన పోరు. మూడోది 1988, 89 ల్లో ములైతీవు వైపు అడవుల్లో గాలింపులు. నాలుగోది 1989 జూన్‌లో అధ్యక్షుడు ప్రేమదాస మన సేనని వెళ్లిపొమ్మన్నప్పటి నుంచి, 1990 మార్చి 24న ట్రింకోమలీ రేవు నుంచి చివరి ఓడ బయల్దేరేదాకా. ఒక జవాను ఏ ముక్కలో ఉన్నాడో దాన్నిబట్టే అతని యుద్ధం ఉంటుంది. ఆగస్టులో దిగినాయన కొబ్బరిబొండాలిచ్చిన ఆడవాళ్ల గురించి చెప్తాడు, అక్టోబర్‌లో దిగినాయన మేడల మీంచి పడ్డ తూటాల గురించి చెప్తాడు. ఒకరు అబద్ధం చెప్తున్నారనుకుంటాం. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, మధ్యలో రెండు నెలలున్నాయి అంతే. ఆ రెండు నెలల్లోనే సెప్టెంబర్ 26న నిరాహార దీక్షలో ఎల్టీటీఈ నాయకుడు తిలీపన్ చనిపోయాడు. అక్టోబర్ 5న పట్టుబడ్డ ఎల్టీటీఈ కమాండర్లు పులేంద్రన్, కుమరప్ప, మరికొందరు సైనైడ్ మింగారు. ఈ రెండు తేదీలూ తెలియకుండా ఇంటర్వ్యూకి వెళ్లొద్దు.

ఇక మనుషుల్ని వెతకడం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ తీసుకెళ్లి, మన విషయం మాజీ సైనికుల సంఘాలకి చేరవెయ్యమని మాత్రం అడగొచ్చు. ఇష్టమున్నవాళ్లే ఫోన్ చేస్తారు, అదే మంచిది. నవంబర్ చాలా అనుకూలమైన నెల. పింఛనుదారులు స్పర్శ్‌లో, అంటే రక్షణ శాఖ పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థలో, లైఫ్ సర్టిఫికెట్ కోసం టౌన్‌కి వస్తారు, పని అయ్యాక టీ బడ్డీ దగ్గర ఒకరినొకరు పలకరించుకుంటూ కూర్చుంటారు. మిలట్రీ క్యాంటీన్ రోజు కూడా అంతే. ఉద్దానం ఊళ్లలో మార్చి నుంచి మే దాకా జీడిపిక్కల పని, అప్పుడు వెళ్లి గంటన్నర అడగడం మర్యాద కాదు. అక్కడే ఇంకో మాట: ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. కొంతమంది పెద్దలు డయాలసిస్‌కి వెళ్తుంటారు. డయాలసిస్ చేయించుకున్న రోజు మనిషి వాడిపోయి ఉంటాడు. ముందుగా ఇంట్లోవాళ్లని అడిగి మర్నాడు పెట్టుకోవాలి. అప్పుడు సిపాయిగా ఉన్నవాళ్లకే ఇప్పుడు అరవై అటూఇటూ. అప్పటికే హవల్దార్లయినవాళ్లకి డెబ్బై దాటింది. ఆలస్యం చెయ్యడానికి వీల్లేని పని ఇది.

మొదటి రోజు రికార్డర్ తియ్యొద్దు. డిశ్చార్జ్ బుక్ చూపించమని అడగండి. భర్తీ అయిన తేదీ, రిటైరైన తేదీ, పతకాలు అందులో ఉంటాయి. చాలామంది దాన్ని పింఛను కాగితాలతో కలిపి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంటారు. ఇస్తే పాత ఉత్తరాలు కూడా. సైన్యం ఉత్తరాల్లో ఊరి పేరుండదు, 56 ఎ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు) కేరాఫ్ అనో 99 ఎ.పి.ఓ. కేరాఫ్ అనో ఉంటుంది. కానీ ముద్ర మీద తేదీ ఉంటుంది, ఆ తేదీ బంగారం. ఫొటో తీసుకునేటప్పుడు కవరుకి రెండు వైపులా తియ్యండి. వెనకవైపు వదిలేసి తరవాత మళ్లీ అదే ఊరికి బస్సెక్కాల్సి వస్తుంది.

ప్రశ్నలు బతుకు వరసలో ఉండాలి. ఎక్కడ భర్తీ అయ్యారు, ట్రైనింగ్ ఎక్కడ? మన వైపువాళ్లలో కొందరు వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంట్ సెంటర్, కొందరు సికింద్రాబాద్‌లోని ఈ.ఎం.ఈ. (సైన్యం యంత్రాల మరమ్మతు విభాగం), కొందరు హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్ చెప్తారు. ముందుగా వెళ్లిన 54వ డివిజన్ సికింద్రాబాద్ నుంచే కదిలింది, కాబట్టి కదలమన్న ఆర్డరు ఎలా వచ్చిందన్న ప్రశ్న మనవాళ్ల దగ్గర బాగా పండుతుంది. తరవాత: పలాలీలో విమానం దిగారా, కాంకేశన్‌తురై రేవులో ఓడ దిగారా? మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు? నీళ్లెక్కడివి? బూట్లు ఎన్నాళ్లకి విప్పారు? ఇలాంటి చిన్న ప్రశ్నలకే పెద్ద జవాబులొస్తాయి. రైఫిల్ గురించి అడగడం మర్చిపోవద్దు. మనవాళ్ల చేతిలో ఉన్న ఎస్.ఎల్.ఆర్. (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) నిండు మ్యాగజీన్‌తో దాదాపు 5 కిలోలు, 20 తూటాలు, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒకటే పేలుతుంది. ఎదుటివాళ్ల దగ్గర ఏకే 47, 30 తూటాలు, నొక్కిపట్టుకుంటే వరసగా పేలుతుంది. సందుల్లో, ఇళ్ల మధ్య ఈ తేడా ఏమిటో ఆ బరువు మోసినవాళ్లు చేతులతో చూపిస్తూ చెప్తారు. అక్కడ మనం మాట్లాడకూడదు. రోడ్డు కల్వర్టుల కింద మందుపాతరలు పెట్టేవాళ్లు కాబట్టి రోడ్డు వదిలి పొలాల్లోంచి నడవడం, తాటితోపుల్లో గస్తీ, ఇవన్నీ అడగొచ్చు. ఎంతమందిని చంపారని మాత్రం ఎప్పుడూ అడగొద్దు. చెప్పాలనుంటే ఆయనే చెప్తారు, అప్పుడు కూడా వివరాలు లాగొద్దు.

మద్రాస్ రెజిమెంట్లో పనిచేసినవాళ్లని భాష గురించి తప్పకుండా అడగాలి. అక్కడ నాలుగు దక్షిణాది భాషల వాళ్లూ కలిసి ఉంటారు, తెలుగువాళ్లకి కూడా తమిళం కాస్తో కూస్తో పట్టుబడుతుంది. చెక్‌పోస్టు దగ్గర ఆపిన ముసలావిడ ఏమంటోందో అర్థమైన జవాను యుద్ధం వేరు, అర్థం కానివాడి యుద్ధం వేరు. నా ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన పేజీలు ఈ ప్రశ్నకి వచ్చినవే.

తేదీలు కలిసిపోవడం అన్నిటికంటే పెద్ద చిక్కు. ముప్పై అయిదేళ్ల పైమాట కదా, పంజాబ్, కశ్మీర్, శ్రీలంక ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. ఏ సంవత్సరం అని అడిగితే ఏదో ఒకటి చెప్తారు, అది తప్పవుతుంది. దానికి బదులు గుర్తులు ఇవ్వాలి. 1987 ప్రపంచ కప్ క్రికెట్ అక్టోబర్ 8న మొదలై నవంబర్ 8న కలకత్తాలో ముగిసింది, సరిగ్గా జాఫ్నా పోరు కాలం. రేడియోలో కామెంటరీ విన్నారా, అప్పుడు ఎక్కడున్నారు? ఎమ్జీఆర్ పోయింది 1987 డిసెంబర్ 24న, ఆ రోజు తమిళ ఊళ్లలో ఎలా ఉంది? మన కోస్తాలో పెద్ద తుపాను 1990 మేలో, అప్పటికి ఇంటికొచ్చేశారా? ఈ మూడు మేకుల మధ్య తాడు కడితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. ఇంటావిణ్ణి అడిగితే ఇంకా బాగా తేలుతుంది. పెద్దమ్మాయి బారసాలకి ఈయన లేడు అన్న మాట ఒక్కటి చాలు.

వాళ్లు చూసినదాన్నీ విన్నదాన్నీ విడదియ్యాలి. అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ 13వ బెటాలియన్ జవాన్లు 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒక్కరు పట్టుబడి బతికారు. ఈ సంగతి శ్రీలంక వెళ్లిన ప్రతి ఒక్కరూ చెప్తారు, కళ్లారా చూసినట్టే చెప్తారు. అది అబద్ధం చెప్పడం కాదు, సేన అంతటా పాకిన దుఃఖం అది. రాసేటప్పుడు మాత్రం "విన్నది" అని పక్కన గుర్తు పెట్టుకోవాలి. పరమవీర చక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ విషయమూ అంతే. 1987 నవంబర్ 25న ఆయన పోయినప్పుడు నిజంగా ఆ దగ్గర్లో ఉన్నది ఆయన బెటాలియన్, మహార్ రెజిమెంట్ 8వ బెటాలియన్ వాళ్లు.

మృతుల సంఖ్య రాసేటప్పుడు జాగ్రత్త. 1,155 అని కొన్నిచోట్ల, 1,165 అని కొన్నిచోట్ల, సుమారు 1,200 అని మరికొన్నిచోట్ల కనిపిస్తుంది. నచ్చిన అంకె ఎత్తుకుని రాసేస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే. ఏ అంకె ఎవరు చెప్పారో అలాగే రాసి, తేడా ఉందని ఒప్పుకోవాలి.

ఇప్పుడు కష్టమైన చోటు. 1987 అక్టోబర్ 21, 22 తేదీల్లో జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. మన సైనికులే కాల్చి చంపారని తమిళులు చెప్తారు. లోపల్నుంచి కాల్పులు జరిగాయని, ఎదురుకాల్పుల్లో పోయారని మన వైపు మాట. మన జిల్లా జవాన్ల మీద ప్రాజెక్టు కదా, అది మనకెందుకు అని వదిలెయ్యాలనిపిస్తుంది. వదిలేస్తే ప్రాజెక్టు అబద్ధమవుతుంది. ఏ గదిలో ఎవరు పోయారో అక్కడ బతికి బయటపడ్డవాళ్లకి తెలుసు, కాబట్టి జాఫ్నా తమిళుల వాంగ్మూలాలు కూడా చదవాల్సిందే, జవాన్ల మాటల పక్కనే అంతే చోటిచ్చి పెట్టాల్సిందే. కానీ పలాస దగ్గర ఊళ్లో కూర్చున్న ఒక ముసలి హవల్దారుని, ఆ సమయంలో ఆయన యూనిట్ ట్రింకోమలీలో ఉంటే, దాని గురించి నిలదియ్యడం అన్యాయం. ముందు యూనిట్ ఎక్కడుందో తేల్చుకోవాలి. జాఫ్నాలో ఉన్నవాళ్లని కూడా "ఆ వారం మీరు ఏ వైపు ఉన్నారు, ఏం విన్నారు" అనే అడగాలి. మౌనంగా ఉంటే మౌనంగా ఉన్నారనే రాయాలి, దానికి అర్థం మనం కట్టకూడదు. నాకు ఈ అధ్యాయం రాయడానికే నెల పట్టింది. మన పక్కింటి మనిషి మీద ప్రేమ, ఎక్కడో చనిపోయిన మనిషి మీద గౌరవం రెండూ చెడకుండా వాక్యం కుదరాలంటే అంత పట్టింది.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, 30 రోజుల గడువు. 8(3) సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు దాటిన సమాచారం ఇవ్వాలి, కానీ దేశ భద్రత, విదేశీ సంబంధాల మినహాయింపు అప్పటికీ ఉంటుంది. "ఆపరేషన్ పవన్ వివరాలివ్వండి" అని అడిగితే తిరస్కరణ ఖాయం. ఫలానా తేదీల మధ్య ఫలానా యూనిట్ వార్ డైరీ (యుద్ధకాలంలో యూనిట్ రోజువారీగా రాసుకునే రికార్డు) బయటపెట్టారా, పెడితే ఎక్కడ చూడొచ్చు అని అడగాలి. వార్ డైరీలు మామూలుగా 25 ఏళ్లకి బయటపెట్టాలని 2021 జూన్‌లో రక్షణ శాఖ విధానం తెచ్చింది, దరఖాస్తులో దాన్ని ప్రస్తావించాలి. దీని మీదే ఆశ పెట్టుకుని ప్రాజెక్టు ఆపుకోవద్దు. పార్లమెంటు చర్చలు ఎలాగూ ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

రికార్డింగ్ విషయంలో: ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే టీ గ్లాసు పెట్టిన చప్పుడు ఉరుములా వస్తుంది. ఫ్యాన్ కిందికాకుండా అరుగు మీద కూర్చుంటే మేలు. ఒక్కో విడత గంటన్నర దాటొద్దు. అదే రాత్రి రెండు కాపీలు చెయ్యాలి. గంట రికార్డింగు రాయడానికి నాకు ఆరు గంటలు పట్టింది, ఏడు నెలలవ్వడానికి అసలు కారణం ఇదే. వాయిస్ టైపింగ్ మన యాసకి పనికిరాదు. "ఏటి సేత్తాం బాబూ" అన్నదాన్ని అది ఏదో చేసేస్తుంది. పైగా మిలట్రీ హిందీ కలుస్తుంది. యాసని పుస్తక భాషలోకి మార్చొద్దు. మార్చితే మనిషి పోతాడు. పేర్లు మార్చండి, ఊరు రాయొద్దు, మండలం చాలు. ఊరు, రెజిమెంటు, ర్యాంకు మూడూ ఉంటే ఆయనెవరో ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది.

అనుమతి పత్రం తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. మూడు గళ్లు చాలు: పేరుతో వాడొచ్చు, పేరు లేకుండా వాడొచ్చు, నేను పోయాక వాడొచ్చు. మూడో గడిలో సంతకం పెట్టినవాళ్లున్నారు. వాళ్ల రికార్డింగులు విడిగా, సీలు కవర్లో గైడ్ దగ్గర ఉన్నాయి, ప్రాజెక్టులో ఒక్క వాక్యం కూడా వాడలేదు. రాతప్రతి పూర్తయ్యాక ప్రతి ఇంటికీ వెళ్లి మొత్తం చదివి వినిపించాను. అప్పుడు కొట్టేయమన్నవి కొట్టేశాను. కొట్టేయమన్నవాటి కంటే కలపమన్నవే ఎక్కువ. పక్కన నిలబడి పోయిన తోటి జవాన్ల పేర్లు కలపమన్నారు. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం వెబ్‌సైట్‌లో వెతికి, స్పెల్లింగు సరిచూసి ఆ పేర్లన్నీ అనుబంధంలో పెట్టాను.