గ్లీన్ అంటే పరిగె

మా పెద్దది ఆరో తరగతి. ఇక్కడ అమెరికాలో దాని బడిలో వారానికిన్ని అని ఇంగ్లీషు మాటలిచ్చి, ఒక్కోదానితో సొంత వాక్యం రాయమంటారు. ఆ వారం వాటిలో ‘గ్లీన్’ వచ్చింది. “అమ్మా, గ్లీన్ అంటే ఏంటి?” అని అడిగేసరికి పొయ్యి మీద పోపు మాడుతోంది. “సేకరించడం” అనేశాను. అదేమో ‘నా బొమ్మలన్నీ గ్లీన్ చేసి డబ్బాలో పెట్టాను’ అని రాసుకుపోయింది. ఎర్ర గీతతో తిరిగొచ్చింది.

తప్పు నాదే. ‘ఈ లెక్కల్లోంచి గ్లీన్ చేసింది ఇదీ’ అని ఆఫీసు మెయిళ్లలో ఏళ్ల తరబడి రాస్తున్నదాన్ని, ఆ మాట ఎక్కడిదో ఎప్పుడూ చూసుకోలేదు. రాత్రి డిక్షనరీ తెరిచాను. కోతలయ్యాక చేలో రాలిపోయిన వెన్నులు ఏరుకోవడం అని ఉంది. ఓలమ్మా! ఇది పరిగె కదా!

నరసన్నపేట దగ్గర మా ఊరు. వంశధార కాలువ కింద చేలు. పనలు కుప్పకి చేరిపోయాక పిల్లలం బుట్టలు పట్టుకుని చేలోకి దిగేవాళ్లం. ఏరిన గింజలు కొలిచిస్తే తేగలమ్మే ఆవిడ తేగలిచ్చేది. నేను తేగ చీల్చి ముందు లోపలి లేత మొవ్వు, అదే చందమామ, తినేదాన్ని. మాకది ఆట. మా వీధి చివర ముసలామెకి మాత్రం ఆ పరిగెతోనే కొన్నాళ్లు గంజి కాగేది. చేను మీదే అయినా పరిగె ఏరేవాళ్లని వెళ్లగొట్టకూడదని మా తాత అనేవాడు. ఇంగ్లండులో 1788లో ఒక కోర్టు, పరిగె ఏరుకోవడం పేదల హక్కేమీ కాదని తీర్పు చెప్పిందట. చదివి నాకు తాతే గుర్తొచ్చాడు.

మర్నాడు దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. బొమ్మలు ఒక్కచోటే పడుంటే అది గ్లీన్ కాదు. అక్కడో కాస్త, ఇక్కడో కాస్త చెదిరి ఉన్నదాన్ని ఓపిగ్గా ఏరుకుంటేనే గ్లీన్. అందుకే ఇప్పుడు ఆ మాటని ఎక్కువగా సమాచారానికి వాడతారు: నలుగురి మాటల్లోంచి, పాత ఉత్తరాల్లోంచి తెలుసుకున్నది. వరుసలో తర్వాతి మాట ‘గార్నర్’. అది లాటిన్‌లో ధాన్యపు కొట్టు పేరు నుంచి వచ్చింది, అంటే మన గాదె. ఓట్లు, మెప్పు గార్నర్ చేస్తారు, రాశి పోసినట్టు. ఇక ‘కలెక్ట్’ అంటే దానికి స్టాంపులు గుర్తొస్తాయి. నాకు శ్రీకాకుళం కలెక్టరాఫీసు గుర్తొస్తుంది. శిస్తు వసూలు చేసేవాడు కాబట్టే ఆయన కలెక్టరయ్యాడంటే, “అయితే ఇప్పుడేం కలెక్ట్ చేస్తాడు?” అంది. అర్జీలు అన్నాను.

ఇదంతా అర్థమైందని తలూపింది గానీ, అర్థం కాలేదని దాని మొహమే చెప్పింది.

డిసెంబరు సెలవులకి ఊరెళ్లాం. పెద్ద చేలన్నీ మెషీన్ కోసేసింది. కాలువ గట్టు దగ్గర మడి చిన్నదని మాత్రం మనుషులు కోశారు. పొద్దున మంచు ఆరకముందే అమ్మ దాన్ని వెంటేసుకుపోయింది. వెనకే నేనూ వెళ్లాను. కొయ్యకాళ్ల మధ్య అప్పుడే మినుము మొలకలు. “సూసి నడు గుంటా, మినుములు తొక్కీకు” అని అమ్మ వంగింది. వంగి ఇంక లేవలేదు. ఎడం చేత్తో కొంగు మడిచి పట్టుకుని, కుడి చేత్తో ఒక్కో వెన్ను తీసి, మట్టి విదిలించి, కాడలన్నీ ఒకవైపుకి వచ్చేలా సర్దుకుంటూ పోతోంది. పిల్ల మొదట నాలుగడుగులకోసారి నడుం పట్టుకుని నిలబడింది. “ఇక్కడేం లేవు” అంది. “నిలబడితే ఏటి కనబడతాది? వంగు” అంది అమ్మ. కాసేపటికి నా బిడ్డ నోరు మూసుకుని ఏరుతోంది, ఫోన్ నా చేతికిచ్చేసి.

గుప్పెడున్నర వచ్చాయి. అమెరికా తీసుకెళ్తానని ఒకటే పేచీ. పొట్టుతో ఉన్న ధాన్యం విమానం దిగాక లోపలికి రానివ్వరని చెబితే ఏడ్చింది. అమ్మ వాటిని కుచ్చు కట్టి, పిచ్చుకలకని వసారా దూలానికి వేలాడదీసింది.

జనవరిలో బడి తెరిచాక సెలవుల గురించి రాయమన్నారు. ‘మా అమ్మమ్మతో కలిసి వరి గ్లీన్ చేశాను’ అని రాసింది. టీచరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి, సమాచారం అని రాయాలేమో అన్నట్టు తిప్పి పంపింది. నాకు ఒళ్లు మండింది. చీటీ రాయబోతే, “వద్దమ్మా, నేను చూపిస్తాను” అని కుచ్చు ఫొటో పట్టుకెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

ఆదివారం ఫోన్లో, “అమ్మమ్మా, పిచ్చుకలు తినేశాయా?” అని అడిగింది.

“సగం తినీసినాయి. కింద రాలిపోనవి ఏరి కోడికి ఏసీనాను.”

“మళ్లీ పరిగేనా!” అంది మాది.