పద్నాలుగేళ్ల సర్వీసున్న టీచర్‌కి "డెవలపింగ్" అంట

పోయిన నెల మా ఏపీ నా క్లాసులో వెనక బెంచీలో 45 నిమిషాలు కూర్చుని లాప్‌టాప్‌లో టకటకా ఏదో కొట్టుకుని వెళ్ళింది. ఇక్కడ ఏపీ అంటే అసిస్టెంట్ ప్రిన్సిపల్ లెండి. టెక్సాస్ వచ్చిన కొత్తలో ఎవరన్నా "నిన్ను ఏపీ పిలుస్తోంది" అంటే నిజంగానే ఊరు పిలిచినట్టు గుండె ఝల్లుమనేది.

వారం తర్వాత ఆవిడ గదిలో స్క్రీన్ నా వైపు తిప్పింది. ఈ రాష్ట్రంలో 2016-17 నుంచి టీచర్లని టీ-టెస్ అనే పద్ధతిలో చూస్తారు, నాలుగు డొమైన్లు, వాటి కింద 16 అంశాలు, ఒక్కోదానికి ఐదు మెట్లు. పై మెట్టు డిస్టింగ్విష్డ్, అట్టడుగున ఇంప్రూవ్‌మెంట్ నీడెడ్, దానికి ఒక్క మెట్టు పైన డెవలపింగ్. మొదటి అంశంలోనే పాఠంలో టెక్నాలజీ ఎలా కలిపారు అనే మాట ఉంటుంది. సరిగ్గా అక్కడ నాకు డెవలపింగ్. ఒంగోల్లో పద్నాలుగేళ్లు లెక్కలు చెప్పిన దాన్ని, టెన్త్‌లో నా సెక్షన్ తప్పిన రోజు లేదు, నేను ఇంకా డెవలప్ అవుతున్నానంట!

ఆవిడ క్లాసు చూడ్డానికొచ్చే ముందురోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని స్లయిడ్లు చేశానండీ. ఎనిమిదో క్లాసు, సరళరేఖలు. వాలు మారుతుంటే గీత తిరిగేలా యానిమేషన్ కూడా పెట్టా. ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న, "ఆ రోజు టెక్నాలజీని ముట్టుకున్నది ఎవరు?" నేనే అన్నాను. "పిల్లల క్రోమ్‌బుక్‌లు మూసే ఉన్నాయి కదా" అంది, అరవలేదు, నవ్వుతూనే అంది, అదే ఇంకా మండింది నాకు. మా ఒంగోలు స్కూల్లో ప్రొజెక్టర్ రూమ్ తాళం ప్రిన్సిపల్ దగ్గర ఉండేది, నెలకోసారి తీసేవాళ్ళు, అరవై మంది పిల్లలకి సుద్దముక్కతో వృత్తలేఖిని లేకుండా గుండ్రంగా సున్నా చుట్టేదాన్ని, ఆ విద్యకి ఈ 16 అంశాల్లో గడి ఎక్కడ ఉంది అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. బయటి దేశం టీచర్లని కొన్నాళ్లకి తెచ్చుకునే జే-1 వీసా నాది, మూడేళ్ల మనిషిని, మహా అయితే ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు, నోరు జారితే అదీ ఉండదేమో అన్న భయం ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

రాత్రి అక్కకి ఫోన్ చేశా. అక్క మండల పరిషత్ స్కూల్లో ఎస్‌జీటీ, అంటే చిన్న క్లాసుల టీచరు. "టెక్నాలజీలో నిన్ను డెవలపింగ్ అన్నారా, అయితే నన్నేమంటారే" అని ఒకటే నవ్వు. వాళ్ళకి టెక్నాలజీ అంటే సొంత ఫోను. ఆమధ్య దాకా పొద్దున్నే కోడిగుడ్ల ఫొటో, ఆ తర్వాత బాత్రూముల ఫొటో, రెండూ అదే ఫోనుతో అప్‌లోడ్ చెయ్యాల్సొచ్చేది. 2022 ఆగస్టులో మొహం చూపించి హాజరు వేసే యాప్ వచ్చినప్పుడు ఎంత గొడవైందో మీకు తెలిసిందే, సిగ్నల్ కోసం టీచర్లందరూ వేపచెట్టు కింద మొహాలు పైకెత్తి నిలబడేవాళ్ళంట. ట్రైనింగ్ లేదా అంటే ఉంది, నిష్ఠ అనే టీచర్ల కోర్సు కింద దీక్ష అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో 18 మాడ్యూళ్లు చేశారు, అక్క ఒక పక్క పులుసు పెడుతూ ఇంకో పక్క వీడియో నడిపించి సర్టిఫికెట్లన్నీ తెచ్చుకుంది. ఆ నేర్చుకున్నది క్లాసులో ఏమైందో చూడ్డానికి మాత్రం ఒక్కళ్ళు కూడా రాలేదంట.

మర్నాడు మా ఇన్‌స్ట్రక్షనల్ కోచ్ వచ్చింది. ఆవిడకి అరవై ఉంటాయి. కోచ్‌లు మార్కులు వెయ్యరు, పక్కన ఉండి నేర్పిస్తారు అంతే. నాకు క్లాసు పీకుతుందేమో అని బిగుసుకుని కూర్చున్నా. ఆవిడ అన్న మాట ఏంటంటే, "థర్డ్ పీరియడ్ నేను తీసుకుంటా, నువ్వు వెనక కూర్చుని అదే షీటు మీద నాకు మార్కులు వెయ్యి."

డెస్మోస్ అని గ్రాఫులు గీసే వెబ్‌సైట్ తెరిపించింది పిల్లలతో. y = mx + b అని పెట్టి (m అంటే వాలు, b ని మనం c అంటాం, నాకు ఇప్పటికీ చెయ్యి c దగ్గరికే పోతుంది) m ని, b ని స్లయిడర్లు చేసి జరుపుకోమంది, మాటలు పెద్దగా లేవు. ఏడాదంతా నోరు విప్పని ఒక పిల్లోడు m ని యాభై, వంద, వెయ్యి చేసుకుంటూ పోయి "మిస్, గోడలాగా నిలబడింది!" అన్నాడు. ఇక్కడ మెక్సికన్ పిల్లలు టీచర్ని మిస్ అనే పిలుస్తారు, అచ్చం మనలాగే. అడ్డం అక్షాన్ని మాత్రం బాగా సాగదీసి చూడమంది కోచ్. చూస్తే ఇంకా కొంచెం వంగే ఉంది. లక్ష చేశాడు, అప్పుడూ నిటారు కాలేదు. నిలువు గీతకి వాలు ఉండదు అని నేను స్లయిడ్ మీద ఒక్క ముక్కలో చెప్పేసి దాటిపోయిన సంగతి వాడు పది నిమిషాలు కుస్తీ పట్టి కనిపెట్టాడు. పైగా ఇక్కడ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష 2022-23 నుంచి ఆన్‌లైన్‌లోకి మారిపోయింది, ఎనిమిదో క్లాసు లెక్కల్లో ఆ డెస్మోసే పరీక్ష స్క్రీన్ మీద ఉంటుంది. అంటే నా యానిమేషన్ ఎంత బాగున్నా పిల్లల వేలికి పని లేదు. అర్థమైంది, ఒప్పుకోడానికి మాత్రం ఇంకో రెండ్రోజులు పట్టింది.

అదే పీరియడ్‌లో ఉన్నట్టుండి వైఫై పోయింది. కోచ్ కేబుల్ లాగింది, రీస్టార్ట్ అంది, పిల్లలు పెన్సిళ్లు విసురుకోడం మొదలెట్టారు. నేను లేచి మార్కర్ తీసి స్కేలు లేకుండా రెండు అక్షాలు గీసి నాలుగు గీతలు లాగా, క్లాసు గప్‌చిప్. కొంచెం గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

అసలు విషయం ఆ తర్వాత. షీటులో ఆవిడకి అన్నీ అకంప్లిష్డ్, అంటే పై నుంచి రెండో మెట్టు, వేశాను, పెద్దావిడకి తక్కువ ఎలా వేస్తాం చెప్పండి. ఆవిడ పెన్ను తీసుకుని ఒకచోట కొట్టేసి "డెవలపింగ్" అని రాసుకుంది, వైఫై లేకపోతే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు అని, పక్కన తన సంతకం. అప్పట్నుంచి అదే నములుతున్నా. మనదగ్గర ఇన్‌స్పెక్షన్ అంటే కంప్యూటర్ల మీద గుడ్డలు తీసి తుడవడం, జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తండ్రా అని ముందే చెప్పుకోడం. చూడ్డానికొచ్చిన సారు "నాకూ రాలేదమ్మా" అనడం నా సర్వీసులో వినలేదు. అలాగని ఇక్కడోళ్ళని నెత్తిన పెట్టుకోను, కరెంటు పోతే ఈ బిల్డింగులో సగం మందికి పాఠం కూడా పోతుంది, దానికీ ఒక గడి ఉండాలి. ఏపీతో అదే అన్నాను, ఈసారి భయపడకుండా. "నీ గోల్స్‌లో రాసుకో, వచ్చే అబ్జర్వేషన్‌లో చూస్తా" అంది.

ఇదంతా అక్కకి చెప్పి, డెస్మోస్ ఫ్రీయే, ఫోన్లో కూడా వస్తుంది, పెద్దయ్యాక పనికొస్తుంది పిల్లలకి చూపించు అన్నా. "మా క్లాసుకి స్మార్ట్ టీవీ ఇచ్చారుగా, రిమోట్ హెచ్‌ఎమ్ బీరువాలో ఉంది" అంది. కాసేపాగి "నిజం చెప్పవే, నేనూ డెవలపింగేనా" అని అడిగింది. "నీ క్లాసు ఎవరూ చూడనే లేదుగా అక్కా" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇవాళ ఏం కూర చేశావు అని అడిగింది.