శనగలు నానుతూ ఉంటాయి

రెస్టారెంట్ బయట నల్లబల్ల మీద సుద్దతో రాసిన ‘కొథీదో’ను తడిగుడ్డతో తుడిపించి, దాని చోట ‘లెంతెఖాస్’ అని నాచేతే రాయించాడు హెఫె. ఇక్కడ స్పెయిన్‌లో వంటింటి పెద్దాయన్ని అలాగే పిలుస్తారు. కొథీదో మాడ్రిడ్ వాళ్ల చలికాలపు వంట. పెద్ద శనగలను వల సంచిలో కట్టి, మాంసంతో, క్యాబేజీతో గంటల తరబడి ఉడికిస్తారు. ముందు ఆ రసంలో సేమియా వేసి సూపుగా ఇస్తారు, తర్వాత శనగలు, కూరగాయలు, చివర మాంసం. లెంతెఖాస్ అంటే మసూర్లు. వాటిని నానబెట్టక్కర్లేదు కాబట్టి ఆ మధ్యాహ్నం ఎలాగో గట్టెక్కాం. శనగలు మాత్రం డబ్బాలో గులకరాళ్లలా కూర్చుని ఉన్నాయి.

ముందురోజు రాత్రి నేల కడుగుతూ, ‘రేపటికి శనగలో?’ అని పెద్ద వంటావిడను అడిగాను. ఆవిడ కోటు తొడుక్కుంటూ ‘ఎస్తరాన్ ఎన్ రెమోఖో’ అంది. రెమోఖో అంటే నానబెట్టడం. ఎస్తరాన్ అనేది ‘ఎస్తార్’ అనే స్పానిష్ క్రియకు భవిష్యత్ రూపం. సాయంత్రం క్లాసు నోటుబుక్కులో దాని పక్కన ‘విల్ బీ’ అని నేనే రాసుకున్నాను. అంటే ఇకముందు నానతాయి, అంటే ఆవిడ నానబెడుతుంది. పెద్దావిడ మాట ఇచ్చింది కదా అని నిశ్చింతగా మెట్రో ఎక్కాను.

పొద్దున్నే హెఫె గొంతు వంటిల్లంతా వినిపించింది. ‘నానబెడతానని ఎవరన్నారు నీతో? తనే చేసేదైతే పోంగో యో, నేను పెడతాను అనేది. ఎస్తరాన్ అంటే నానుతూ ఉంటాయిలే అని. నీకు అనుమానం వచ్చినప్పుడు మూత తీసి చూడొద్దూ?’

ఆవిడేమో మధ్యాహ్నం షిఫ్టు కుర్రాడు నానబెట్టే ఉంటాడని అనుకుంది. వాడికి ఆ రోజు సెలవు. తిట్లు మాత్రం నాకు.

రెండు రోజులు లోపల లోపల రగిలిపోయాను. ఇదేం భాష, ఊహకీ భవిష్యత్తుకీ ఒకటే రూపమా? క్లాసులో చెప్పినప్పుడు ఎంత సులువుగా ఉందో! మూడు రకాల క్రియలకూ ఒకే తోకలు, దారి తప్పేవి ఓ డజను. ఆ తోక కూడా ఒకప్పుడు వేరే మాటేనట. లాటిన్‌లో ‘పాడవలసి ఉంది’ లాంటి రెండు మాటలు కలిసిపోయి ‘పాడతాను’ అయ్యాయని మా టీచరమ్మ చెప్పింది. పాత స్పానిష్‌లో ఆ రెండు ముక్కల మధ్య ‘నీకు’ లాంటి మాటను ఇరికించేవారట కూడా. ఇంత చెప్పిన మనిషి, శనగల విషయంలో ఇది ఉత్త అంచనా అని ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?

ఆదివారం ఇంటికి ఫోన్ చేశాను. ‘నాన్నేరీ?’ అన్నాను. ‘వీధరుగు మీద ఉంటారు, పిలవనా?’ అంది అమ్మ.

ఉంటారు. అమ్మ లేచి చూడలేదు. ఆ వేళకి ఆయన అక్కడే ఉంటారని ఆవిడ లెక్క. నేను కూడా ‘ఎప్పుడు ఉంటారు, రేపా?’ అని అడగలేదు. ఎస్తరాన్ అంటే ఇదే కదా! నేను స్పానిష్ నుంచి తెలుగుకి రాకుండా ఇంగ్లీషు చుట్టూ తిరిగి వచ్చాను. ఆ ఇంగ్లీషులోనూ ‘విల్’ను ఇలా ఊహకి వాడతారట, అది మా బడిలో ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచీ వంటింట్లో చెవులు రిక్కించుకుని తిరుగుతున్నాను. వెనక తలుపు ఎవరైనా తడితే ‘కియెన్ సెరా?’ అంటారు. ఎవరై ఉంటారు? కూరగాయల వ్యాను ఆలస్యమైతే ‘అబ్రా సలీదో’, బయల్దేరి ఉంటాడు. గడియారం చూడకుండా టైము చెప్పాలంటే ‘సెరాన్ లస్ థింకో’, ఐదై ఉంటుంది. ఒక్కొక్కటీ విన్నప్పుడల్లా మా వీధిలో నిలబడినట్టే ఉంటుంది నాకు. నిజంగా రేపు చేయబోయే పనికి మాత్రం వీళ్లు ఈ రూపాన్ని అంతగా వాడరు. ‘వోయ్ ఆ’, అంటే ‘చేయబోతున్నా’ అన్నట్టు మొదలుపెడతారు, లేదా ‘రేపు చేస్తున్నా’ అన్నట్టు వర్తమానంలోనే తేల్చేస్తారు. ఇది తెలిసుంటే ఆ రాత్రే మూత తీసేవాణ్ణి. అలాగని రెండు భాషలూ పూర్తిగా కలిసిపోవు. ‘రోజూ ఇక్కడే ఉంటాడు’ అని మనం అలవాటుకి కూడా ఉంటాడనే అంటాం. వీళ్లు అక్కడ వర్తమానం వాడతారు.

భాష సంగతి ఒప్పుకున్నాను గానీ, తప్పంతా నాదే అంటే మాత్రం ఒప్పుకోను. మా ఊళ్లో పెళ్లి వంటల మేస్త్రి ‘శనగలు నానేశావా?’ అనే అడుగుతాడు. ‘వేశానండి’ అనో ‘లేదండి’ అనో చెప్పాలి. ‘నానుతూ ఉంటాయండీ’ అంటే గరిటె గాల్లోకి లేచేది. ఆ మాటలో చేసేవాడు లేడు మరి, శనగలే ఉన్నాయి. వాటంతటవే వెళ్లి నీళ్లలో దూకాలన్నట్టు! ఆవిడ మాటలోనూ అంతే. నేను మూత తీయలేదు నిజమే, ఆవిడ మాత్రం తీసిందా? పైగా ఇంట్లో నాన్న అరుగు మీద లేకపోతే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ బల్ల మీద కొథీదో అని రాసేశాం.

పోయిన వారం మళ్లీ అదే సంభాషణ. ‘శనగలో?’ ‘ఎస్తరాన్ ఎన్ రెమోఖో.’ ఈసారి చీపురు గోడకి ఆనించి, కోల్డ్‌రూమ్ పక్కనున్న పెద్ద గిన్నె దగ్గరికి వెళ్లి మూత తీశాను. బెత్తెడు నీళ్ల కింద, బొద్దుగా ఉబ్బి, చక్కగా నానుతున్నాయి. వెనక్కి తిరిగేసరికి ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకోవడం ఆపి నన్నే చూస్తోంది.

‘సెరాస్ దెస్కోన్‌ఫియాదో!’ అంది. నీదంతా అనుమానమేరా అని. అదీ భవిష్యత్ రూపమే.