మెంఫిస్‌లో పెగలని గొంతు

'డస్టీ ఇన్ మెంఫిస్' అన్న ఆల్బమ్ పేరు ఒక రకంగా అబద్ధం. 1968 సెప్టెంబరులో బ్రిటిష్ గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ అమెరికాలోని మెంఫిస్ నగరానికి వెళ్ళిన మాటా, అక్కడి అమెరికన్ సౌండ్ స్టూడియోలో వాద్యబృందం ఆ పాటలకు ట్రాకులు వాయించిన మాటా నిజమే గానీ, రికార్డులో మనం వింటున్న ఆమె గొంతు మాత్రం ఆ ఊళ్ళో పలికినది కాదు. తర్వాత న్యూయార్క్‌లో, ఆ వాద్యగాళ్ళెవరూ ఎదురుగా లేకుండా, సిద్ధంగా ఉన్న ట్రాకుల మీద ఆమె పాడింది. పదకొండు పాటల ఈ ఆల్బమ్‌ను నేను ఏళ్ళ తరబడి వింటున్నాను. ఈ సంగతి తెలిశాక, ఆ గొంతులో నాకు మొదటినుంచీ నచ్చిన సంకోచం, వాద్యాల కంటే ఒక అడుగు వెనక్కి తగ్గి నిలబడే ఆ తీరు ఎక్కడివో కొంత అర్థమైంది.

1939లో లండన్‌లో మేరీ ఓబ్రైన్‌గా పుట్టిన డస్టీ అప్పటికే బ్రిటన్‌లో పెద్ద పాప్ తార. అయితే ఆమె మనసంతా అమెరికా నల్లజాతివారి సంగీతం మీదే ఉండేది. 1965లో నల్లజాతి గాయకుల పాటలకు పేరుపడ్డ అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ గాయకులను బ్రిటిష్ టెలివిజన్ ప్రేక్షకుల ముందుకు తెచ్చిన ప్రత్యేక కార్యక్రమాన్ని నడిపింది ఆమే. అంతకు ముందు ఏడాది డిసెంబరులో, తెల్లవారినీ నల్లవారినీ విడదీసి కూర్చోబెట్టే సభల్లో పాడనన్నందుకు దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆమెను దేశం నుంచి పంపించివేసింది. అలాంటి మనిషికి నల్లజాతి మహాగాయని అరెతా ఫ్రాంక్లిన్ పాడుతున్న అట్లాంటిక్ రికార్డు కంపెనీలో, అరెతా రికార్డులు చేసిన నిర్మాత జెర్రీ వెక్స్లర్ దగ్గరే పాడే అవకాశం వస్తే ఎగిరి గంతేస్తుందని ఎవరైనా అనుకుంటారు. భయభక్తులని మనం ఊరికే జంటగా అనలేదు. డస్టీ విషయంలో ఆ రెండోది మొదటిదాన్ని వెంటబెట్టుకునే వచ్చింది.

పాటల ఎంపికలోనే అది బయటపడింది. వెక్స్లర్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, ఆయన డెబ్భై ఎనభై పాటలు పోగుచేసి పెడితే ఆమె ఒక్కదానికీ సరేననలేదు. కొన్ని నెలల తర్వాత, ఆమె కాదన్న ఆ కుప్పలోంచే ఓ ఇరవై ఏరి మళ్ళీ వినిపిస్తే, అవన్నీ బాగున్నాయన్నదట. వింటే నవ్వొచ్చే కథే. కానీ పాటకు సరేననడం అంటే ఇక దాన్ని పాడక తప్పదని ఒప్పుకోవడమే కదా. ఆమె వాయిదా వేసింది ఆ క్షణాన్నే అని నా అనుమానం.

అమెరికన్ సౌండ్‌లో వాయించేవాళ్ళు కాగితం మీద స్వరాలు చూసుకుని వాయించే రకం కాదు. గిటార్ రెజ్జీ యంగ్, బేస్ టామీ కాగ్‌బిల్, డ్రమ్స్ జీన్ క్రిస్మన్, పియానో బాబీ వుడ్, ఆర్గన్ బాబీ ఎమన్స్. పాట నమూనాను ఒకటి రెండుసార్లు విని, ఎవరి భాగాన్ని వారు అప్పటికప్పుడు కల్పించుకుంటూ, వాయిస్తూ వాయిస్తూనే దానికి ఒక రూపం తెచ్చేవారు. (ఆ తర్వాత నాలుగు నెలలకే ఎల్విస్ ప్రెస్లీ ఇదే గదికి, ఇదే బృందం దగ్గరికి వచ్చి రికార్డు చేశాడు.) ఇలా పనిచేసే చోట గాయని కూడా గదిలో ఉండి, పూర్తిగా కాకపోయినా కనీసం వాద్యగాళ్ళకు ఆసరాగానైనా పాడుతుంటేనే వాళ్ళ చేతులు ఆమె ఊపిరిని బట్టి కదులుతాయి. డస్టీ అలవాటు అందుకు సరిగ్గా తలకిందులు: వాద్యాలన్నీ పూర్తయిన ట్రాకును ముందు పెట్టుకుని, ఒక్కో పంక్తిని పట్టుకుని, నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పాడటం. దానికి తోడు, ఫలానా మహాగాయకుడు నిలబడి పాడిన చోటు ఇదేనంటూ ఆమెను ఉత్సాహపరచబోయారు. ఆ మాట తనను నీరుగార్చేసిందని, తానేం పాడినా చాలదనిపించిందని ఆమె తర్వాత చెప్పుకుంది. మొత్తానికి మెంఫిస్‌లో ఆమె గొంతు పెగల్లేదు.

న్యూయార్క్‌లో కూడా పని సాఫీగా సాగలేదు. హెడ్‌ఫోన్లలో ట్రాకు శబ్దాన్ని ఆమె ఎంతగా పెంచమనేదంటే, తన గొంతు తనకే వినిపించే అవకాశం లేకుండా పాడిందని వెక్స్లర్ రాశాడు. శ్రుతి తప్పకుండా అలా ఎలా పాడగలిగిందో ఆయనకు అంతు పట్టలేదు. నాకు మాత్రం ఆ చెవులు చిల్లులు పడే శబ్దం ఆమె కట్టుకున్న గోడలా కనిపిస్తుంది: తన గొంతును తాను వినకపోతే, దాన్ని ఇంకొకరి గొంతుతో పోల్చుకునే బాధ కూడా ఉండదు. స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ బృందం కోరస్ పాడింది. వెక్స్లర్‌తో పాటు నిర్మాణ బాధ్యత పంచుకున్న అరిఫ్ మార్డిన్, టామ్ డౌడ్ తంత్రీవాద్యాలనూ ట్రంపెట్లనూ చేర్చి ఆ ట్రాకులను నింపారు, కానీ గొంతు నిలబడే చోటును మాత్రం తొక్కేయలేదు.

ఫలితం ఎలా ఉందో తెలియాలంటే ర్యాండీ న్యూమన్ రాసిన నాలుగో పాట, 'ఐ డోంట్ వాంట్ టు హియర్ ఇట్ ఎనీమోర్' వినాలి. ఇరుకు గదుల చెక్క ఇంట్లో ఉండే ఒక స్త్రీకి, గోడ అవతలినుంచి, తన ప్రియుడు తనను వదిలేయబోతున్నాడని ఇరుగుపొరుగువాళ్ళు చెప్పుకునే మాటలు వినిపిస్తుంటాయి. ఇంకే గాయనైనా పల్లవి దగ్గర గొంతు చించుకునేది. డస్టీ అక్కడ కూడా స్థాయి పెంచుతూనే, గోడకు చెవి ఆనించినవాళ్ళు వింటారేమోనన్నట్టు గొంతును పట్టి ఉంచుతుంది. ఇలాంటి పాటను బృందం మధ్యలో నిలబడి, డ్రమ్స్‌కు దీటుగా అరిచి పాడి ఉంటే ఈ గుట్టు మిగిలేది కాదు. ఆల్బమ్‌లోని మిగతా పాటల్లో నాలుగు గెరీ గాఫిన్, కరోల్ కింగ్ రాసినవి. నాకు అంతగా రుచించనిది ఒకటే, ఆస్కార్ పొందిన సినిమా పాట 'ది విండ్‌మిల్స్ ఆఫ్ యువర్ మైండ్'. ఎంత అందంగా అల్లినా అది ఈ గుంపులో చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది.

ఆల్బమ్ 1969లో వచ్చింది. 'సన్ ఆఫ్ ఎ ప్రీచర్ మ్యాన్' సింగిల్ అమెరికాలో పదో స్థానానికీ, బ్రిటన్‌లో తొమ్మిదో స్థానానికీ చేరినా, ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 99వ స్థానం దాటి పైకి పోలేదు, బ్రిటన్ పట్టికలోకైతే అడుగే పెట్టలేదు. సింగిల్ విని మోజుపడి కొన్నవాళ్ళకు అలాంటి హుషారైన పాట ఇంకొకటి దొరకకపోవడం, నెమ్మదైన పాటలే ఎక్కువ కావడం ఒక కారణమై ఉండవచ్చు. అట్లాంటిక్‌కు ఈ ఒప్పందం వల్ల దక్కిన పెద్ద లాభం వేరే చోటినుంచి వచ్చింది. తన దగ్గర పనిచేసిన జాన్ పాల్ జోన్స్ ఉన్న కొత్త రాక్ బృందం లెడ్ జెప్లిన్‌ను తీసుకోమని వెక్స్లర్‌కు సిఫారసు చేసింది డస్టీయే.

ఆల్బమ్ పేరు పెరిగింది తర్వాతి తరాల చేతుల్లో. 1987లో బ్రిటిష్ పాప్ జంట పెట్ షాప్ బాయ్స్ ఆమెను పిలిచి తమతో పాడించారు. 1994లో క్వెంటిన్ టారంటినో 'పల్ప్ ఫిక్షన్' సినిమాలో ఆ ప్రీచర్ పాటను వాడాక, 1969లో పుట్టనైనా పుట్టనివాళ్ళు ఈ ఆల్బమ్‌ను వెతుక్కున్నారు. 2020లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ రికార్డింగుల భాండారంలో చేర్చింది. 1999 మార్చి 2న చనిపోయిన డస్టీ ఆ చివరి గౌరవాన్ని చూడలేదు.

ఆ ప్రీచర్ పాటను మొదట అరెతా కోసమే అనుకున్నారు. ఆమె వద్దనడం వల్లనే అది డస్టీకి దక్కింది. డస్టీ పాట హిట్టయిన తర్వాత అరెతా తానూ దాన్ని పాడింది. అది విన్న డస్టీ, ఒకచోట అరెతా మాట విరిచిన తీరు చూసి, తాను పాడవలసింది అలాగేనని నొచ్చుకుంది. ఆ తర్వాత వేదికల మీద తన పాటనే అరెతా విరుపుతో పాడింది.