బెల్లం పువ్వు

ఏప్రిల్ చివర్లో ఒక మంగళవారం అక్కా నేనూ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పాయింట్ రేయస్ సముద్రతీరానికి బయల్దేరాం. చిమ్నీ రాక్ కొండకొమ్ము చేరేసరికి తొమ్మిదిన్నర. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, కింద సముద్రం హోరు వినబడుతోంది కానీ సముద్రం కనబడదు.

"గడ్డి చూడ్డానికా రెండు గంటలు కారు తోలించావు?" అంది అక్క, కాలిబాట మధ్యలో నిలబడి. నేను ఆ ముఖాన్ని ఫొటో తీశాను. నిజంగానే గడ్డి తప్ప ఏమీ లేదు. డగ్లస్ ఐరిస్ పూలు అక్కడక్కడా తడిసి వేలాడుతున్నాయి. కొమ్ము చివరిదాకా వెళ్లి, కాసేపు వణికి, వెనక్కి తిరిగాం.

పదకొండు దాటాక ఎండ వచ్చింది. పొద్దున నడిచిన బాటే, కానీ రెండు పక్కలా నీలం చల్లినట్టుంది! ఒక్కో పువ్వు బొటనవేలి గోరంత. ఊదా కలిసిన నీలం, ఆరు రేకులు, ప్రతి రేకు కొసనా సూదిమొనలాంటి ములుకు, నడుమ పసుపు చుక్క. దీన్ని ఇక్కడ 'నీలికళ్ల గడ్డి' అంటారు. ఆ పేరులో రెండు మాటలూ తప్పే. కన్ను పసుపు, మొక్కేమో గడ్డి కాదు, ఐరిస్ చుట్టం. కాడను వేళ్ల మధ్య పట్టుకుంటే తెలుస్తుంది: గుండ్రంగా ఉండదు, కత్తి అంచులా చదునుగా ఉంటుంది. ఆకులు మొదట్లో విసనకర్రలా విచ్చుకుంటాయి. ఎండ ఉంటేనే పూలు విప్పారతాయి, సాయంత్రానికి ముడుచుకుంటాయి. వేసవికి పైమొక్క ఎండిపోయినా నేలలోపలి భాగం బతికే ఉండి, చలికాలపు వానలకు మళ్లీ చిగురిస్తుంది.

శాస్త్రీయ నామం సిసిరింకియం బెల్లం అని చెప్పాను.

"బెల్లమా?"

లాటిన్‌లో అందమైనదని అర్థమే అన్నా వినలేదు. దారంతా "ఇదిగో బెల్లం, అదిగో బెల్లం" అంటూనే ఉంది. ప్రభుత్వ రక్షిత తీరం కాబట్టి కోయకూడదు. లేకపోతే జడలో ఒకటి పెట్టుకునేదే.

ఆ రాత్రి ఫొటోలు తిరగేశాం. ఎండలో తీసినవి సగం గాలికి ఊగి మసకబారాయి. పొద్దున అక్క విసుక్కుంటున్న ఫొటో మాత్రం స్పష్టంగా వచ్చింది. పెద్దది చేసి చూస్తే, ఆమె బూటు పక్కనే, గడ్డిలో, ముడుచుకున్న నీలిమొగ్గలు ఏడు.